బైట్‌వింగ్‌లో ఓవర్‌ల్యాప్, తెగిపోయే వేళ్ల మొనలు, లెడ్ ఏప్రాన్ సంగతి: డెంటల్ హైజీన్ రేడియోగ్రఫీ సందేహాలు

ప్రశ్న | ల్యాబ్‌కోటు

అందరికీ నమస్కారం. డెంటల్ హైజీన్ కోర్సులో ఇంట్రాఓరల్ రేడియోగ్రఫీ నేర్చుకుంటున్నాను. ల్యాబ్‌లో ఉన్నవి సైజ్ 2 వైర్డ్ సెన్సర్, రింగూ బైట్‌బ్లాకూ ఉన్న హోల్డర్లు, గుండ్రటి కోన్ బిగించిన గోడ మిషన్. ప్రస్తుతానికి సాధనంతా మానికిన్ మీదే, పేషెంట్ల దాకా ఇంకా రాలేదు.

మూడు చోట్ల చిక్కు పడుతోంది. ప్రీమోలార్ (కోరపన్ను వెనక చిన్న దవడపళ్లు) బైట్‌వింగ్‌లో, అంటే పై కింది పళ్ల కిరీటాలు కలిపి చూపే ఎక్స్‌రేలో, కోన్‌ని రింగుకి సరిగ్గా ఆనించినా కాంటాక్టులు (పక్కపక్క పళ్లు తాకే చోట్లు) తెరుచుకోవడం లేదు, ఎనామెల్ ఒకదాని మీదొకటి పడుతోంది. రింగు ఉన్నాక కూడా కోణం ఎలా తప్పుతుంది? రెండోది, పైదవడ మోలార్ పెరియాపికల్‌లో (పన్నుని వేరు మొన దాకా చూపే ఎక్స్‌రే) వేళ్ల మొనలు తెగిపోతున్నాయి. వర్టికల్ యాంగిల్ (కోన్ పైకీ కిందికీ వాలే కోణం) పెంచమని కొందరు, సెన్సర్ జరపమని కొందరు అంటారు. ఏది ముందు చేయాలి? మూడోది రక్షణ. లెడ్ ఏప్రాన్ తప్పనిసరి అని పాఠంలో ఉంది. ఇప్పుడు అక్కర్లేదంటున్నారని కూడా వింటున్నాను. పరీక్షలో ఏం రాయాలి, కుర్చీ దగ్గర ఏం చేయాలి, పేషెంట్ అడిగితే ఏం చెప్పాలి? ఎక్స్‌రే తీసేటప్పుడు మనం నిలబడాల్సిన చోటుకి చెప్పే 6 అడుగులు, 90 నుంచి 135 డిగ్రీలు అన్న లెక్క వెనక కారణం కూడా చెబితే బాగుంటుంది.

జవాబు 1 | బైట్‌బ్లాక్

రింగు ఇచ్చే హామీ ఒక్కటే: కిరణాలు సెన్సర్‌కి లంబంగా తగులుతాయి. సెన్సర్ పళ్లకి సమాంతరంగా కూర్చుందా లేదా అన్నది రింగుకి తెలీదు. సెన్సర్ వంకరగా ఉంటే ఆ వంకరనే తు.చ. తప్పకుండా కోన్‌కి అందిస్తుంది. మీకు జరుగుతున్నది అదే.

ఇది ప్రీమోలార్ల దగ్గరే ఎక్కువ కావడానికి కారణం దవడ వంపు. సెన్సర్ ముందంచు కింది కోరపన్ను వెనక సగాన్ని కూడా కలుపుకోవాలి. అంత ముందుకు తోసేసరికి సెన్సర్ మూల కోరపన్ను లోపలి వైపు తగిలి, సెన్సర్ మొత్తం తిరిగిపోతుంది. సైజ్ 2 సెన్సర్ గట్టిది, ఫిల్ము కాస్తయినా వంగుతుంది, ఇది అసలు వంగదు. మందు ఏమిటంటే, సెన్సర్‌ని పళ్లకి అంటించి పెట్టకండి. మొత్తంగా నాలుక వైపుకి జరిపి, ముందు మూల కోరపన్నుని తాకకుండా ఖాళీ చేసి, ఆ తరువాత ప్రీమోలార్ల వరుసకి సమాంతరంగా తిప్పండి. పళ్లకి దూరమైతే బొమ్మ పెద్దదైపోతుందేమోనని చాలామంది జంకుతారు. నాలుగైదు మిల్లీమీటర్ల దూరానికి వచ్చే తేడా కంటే ఓవర్‌ల్యాప్ చేసే నష్టం చాలా ఎక్కువ.

పేషెంట్ కరిచాక బుగ్గని వేలితో పక్కకి లాగి, రింగు ముఖమూ ప్రీమోలార్ల బయటి తలాలూ ఒకే దిశలో ఉన్నాయా అని చూడండి. కంటికి ఆనకపోతే చూపుడువేలిని రెండు ప్రీమోలార్ల బయటి వైపు ఆనించండి. ఆ వేలు చూపే దిశకి రింగు అంచు సమాంతరంగా ఉండాలి. ఐదు సెకన్ల పని. బటన్ నొక్కాక చేసేదేమీ ఉండదు.

తప్పు ఎటు జరిగిందో బొమ్మే చెబుతుంది. ముందు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఓవర్‌ల్యాప్ పెరుగుతుంటే కిరణాలు మరీ ముందు వైపు నుంచి వచ్చాయి, కోన్‌ని వెనక్కి జరపాలి. వెనక బాగానే ఉండి ముందుకొచ్చేకొద్దీ పెరుగుతుంటే కిరణాలు వెనక నుంచి వచ్చాయి, ముందుకి జరపాలి. హోల్డరు వాడుతున్నప్పుడు కోన్‌ని ఒక్కదాన్నే జరిపితే రింగు నుంచి తప్పుకుని కోన్‌కట్ (కిరణాలు తగలక బొమ్మలో మిగిలే ఖాళీ) వస్తుంది. కాబట్టి జరపాల్సింది సెన్సర్‌ని. ఏ వైపు ఎంత తిప్పాలో తెలియకుండా ఊరికే మళ్లీ తీస్తే రెండోదీ అలాగే వస్తుంది.

పళ్లు గజిబిజిగా, మెలితిరిగి ఉన్నచోట అన్ని కాంటాక్టులూ ఒకే కోణంలో తెరుచుకోవు. అది మీ తప్పు కాదు. ఓవర్‌ల్యాప్ ఎనామెల్ మందంలో సగం లోపే ఉంటే పిప్పి చూడడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మూసుకుపోయిన కాంటాక్టు పక్క బొమ్మలో తెరుచుకుని ఉంటే మళ్లీ తీయక్కర్లేదు.

బైట్‌వింగ్‌కి వర్టికల్ యాంగిల్ +10 ఎందుకంటారా? సెన్సర్ పై సగం అంగిలి వాలుకి తగిలి కాస్త లోపలికి ఒరుగుతుంది, కింది సగం నిటారుగా ఉంటుంది. ఆ రెంటికీ మధ్యస్థంగా +10. రింగు ఉంటే ఈ అంకెతో పెద్దగా పని పడదు, హోల్డరు బదులు అంటించుకునే ట్యాబ్‌లు వాడినప్పుడు మాత్రం గుర్తుండాలి.

రెక్టాంగులర్ (దీర్ఘచతురస్రాకారపు) కోన్ గురించి మీరు అడగలేదు కానీ, గుండ్రటి దాని మీద చేయి కుదిరాకే దానికి మారడం నయం.

జవాబు 2 | నిలువుగీత

పై జవాబులో చివరి వాక్యం తప్ప అన్నిటితో ఏకీభవిస్తాను. ఆ సంగతి డోసు గురించి రాసేవాళ్లు ఎలాగూ ఎత్తుతారు. నేను వేళ్ల మొనల సంగతి చెబుతాను.

ముందు సెన్సర్, తరువాత యాంగిల్. ఈ క్రమం తారుమారు చేయకండి.

అంగిలి నడిమధ్యలో అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది, పళ్ల పక్కన వాలుగా దిగుతుంది. సెన్సర్‌ని మోలార్లకి దగ్గరగా పెడితే దాని పై అంచు ఆ వాలుకి తగిలి ఆగిపోతుంది. దాంతో సెన్సర్ పైకి వెళ్లదు, వెళ్లినా ఒరిగిపోతుంది. మొనలు తెగడానికి పది కేసుల్లో తొమ్మిదింటికి కారణం ఇదే. సెన్సర్‌ని మధ్యగీత దాకా జరపండి, బైట్‌బ్లాక్ పూర్తి పొడవు వాడండి. హోల్డరు నోట్లో పెట్టేటప్పుడు సెన్సర్‌ని పడుకోబెట్టి తీసుకెళ్లి, మధ్యకి చేరాక నిలబెట్టండి. బ్లాక్ పై మోలార్లకి పూర్తిగా ఆనిందని చూసుకుని, ఆ తరువాతే మెల్లగా కరవమనండి. బ్లాక్‌కీ పంటికీ మధ్య సందు ఉండగానే కరవమంటే సెన్సర్ జారి ఒరుగుతుంది. ఆ సందు ఎంతో, మొనల దగ్గర మీకు తగ్గేది దాదాపు అంత.

సెన్సర్ పన్ను నుంచి దూరంగా ఉంటే బొమ్మ పెద్దదవుతుంది కదా అన్న అనుమానానికి జవాబు పొడవాటి కోన్. ట్యూబు నుంచి సెన్సర్‌కి 40 సెం.మీ. దూరం ఉన్నప్పుడు కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, పెరుగుదల స్వల్పం. 20 సెం.మీ. పొట్టి కోన్‌తో పారలలింగ్ (సెన్సర్‌ని పంటికి సమాంతరంగా పెట్టే పద్ధతి) చేస్తే మాత్రం తేడా కనబడుతుంది.

అంగిలి లోతు లేనివాళ్లలో సెన్సర్ ఎంత చేసినా పంటికి పూర్తి సమాంతరంగా నిలవదు. 20 డిగ్రీల లోపు తేడాని భరించవచ్చని పుస్తకాలు చెబుతాయి. ఎందుకో లెక్క వేసి చూడండి: కిరణాలు సెన్సర్‌కి లంబంగానే ఉన్నప్పుడు, పన్ను 20 డిగ్రీలు ఒరిగితే నీడ పొడవు కొసైన్ 20, అంటే 0.94 వంతు. ఆరు శాతం కురుచ. 30 డిగ్రీలైతే 13 శాతం, అప్పుడు వేరు పొడవు నమ్మడానికి లేదు. ఇందులోనే ఇంకో సంగతి ఉంది. రింగుని సరిగ్గా పాటించినప్పుడు వచ్చే దోషం కురుచదనమే, సాగడం కాదు. మీ బొమ్మలో పళ్లు సాగి కనిపిస్తే కోన్ రింగుకి ఆనలేదని అర్థం. బైసెక్టింగ్ పద్ధతిలో (పంటికీ సెన్సర్‌కీ మధ్య కోణాన్ని సగం చేసే గీతకి కిరణాలు లంబంగా పంపేది) మాత్రం రెండూ వస్తాయి: వర్టికల్ యాంగిల్ తక్కువైతే సాగుతుంది, ఎక్కువైతే కురుచవుతుంది. పరీక్షల్లో తిప్పితిప్పి అడిగేది ఇదే.

ఇవన్నీ చేశాక కూడా మొన ఒకటి రెండు మిల్లీమీటర్లు తెగితే, అప్పుడు వర్టికల్ యాంగిల్‌ని ఓ 5 నుంచి 10 డిగ్రీలు పెంచండి. పైదవడలో కోణం పెరిగితే వేరు నీడ కిందికి దిగుతుంది, మొన సెన్సర్ మీదకి వస్తుంది. ఖరీదు ఏమిటంటే పన్ను కాస్త కురుచవుతుంది, ఎముక మట్టం ఉన్నదానికంటే మెరుగ్గా కనబడే ప్రమాదం ఉంది. చిగుళ్ల జబ్బు చూసే హైజీనిస్టుకి ఇది చిన్న విషయం కాదు. పెరియాపికల్‌లో మొన దాటి కనీసం 2 మి.మీ. ఎముక కనిపించాలి. ఎముక మట్టాన్ని మాత్రం బైట్‌వింగ్‌లోనే చదవండి. క్రెస్ట్ (పళ్ల మధ్య ఎముక అంచు) బాగా దిగిపోయిన కేసుల్లో సెన్సర్‌ని నిలువుగా తిప్పి వర్టికల్ బైట్‌వింగ్ తీయండి. ఆరోగ్యంగా ఉన్నచోట ఎముక అంచు, ఎనామెల్ వేరు కలిసే గీతకి 1.5 నుంచి 2 మి.మీ. కింద ఉంటుంది.

టోరస్ (దవడ ఎముక మీద గట్టి బుడిపె) ఉంటే దాని మీద ఆనించకండి, నొప్పి. కింది దవడలో అయితే టోరస్‌కీ నాలుకకీ మధ్య, అంగిలి మీద అయితే టోరస్‌కి అవతలి పక్కన.

జవాబు 3 | మిల్లీసీవర్ట్

రక్షణ గురించి. మొదట ఏప్రాన్.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో ఇచ్చిన సిఫారసుల్లో, దంత ఎక్స్‌రేలకి పేషెంట్ మీద లెడ్ ఏప్రాన్, మెడకి చుట్టే థైరాయిడ్ కాలర్ మామూలుగా వేయడం మానేయవచ్చని ఉంది, గర్భిణులకి కూడా. అయితే సిఫారసు వేరు, చట్టం వేరు. చాలాచోట్ల నియమావళిలో ఏప్రాన్ ఇంకా తప్పనిసరే. కుర్చీ దగ్గర మీ ప్రాంతపు నియమం, మీ కాలేజీ ప్రోటోకాల్ ఏది చెబితే అది. పరీక్షలో మీ సిలబస్‌లో ఉన్న పుస్తకం ఏ ఎడిషనో చూసుకుని రాయండి.

ఎందుకు మారిందో తెలిస్తే గందరగోళం ఉండదు. నోటి ఎక్స్‌రేలో పొట్టకీ ఛాతీకీ చేరే కొద్దిపాటి రేడియేషన్ చాలా మటుకు పేషెంట్ తల లోపలే చెదిరి శరీరం లోపలి నుంచి కిందికి దిగుతుంది. పైన కప్పిన గుడ్డ దాన్ని ఆపలేదు. పాత రోజుల్లో మిషన్లకి సరైన ఫిల్టరూ, కిరణాల కట్టని ఇరుకు చేసే కొలిమేటరూ లేనప్పుడు ఏప్రాన్‌కి అర్థం ఉండేది. ఇప్పటి మిషన్లో 70 కేవీపీ (ట్యూబు వోల్టేజీ కొలత) దాకా 1.5 మి.మీ. అల్యూమినియం, ఆపైన 2.5 మి.మీ. ఫిల్టర్ ఉంటుంది, కిరణాల కట్ట చర్మం దగ్గర 7 సెం.మీ. వ్యాసం దాటదు. పైగా కాలర్ పనోరమిక్‌లో (దవడలన్నీ ఒకే బొమ్మలో చూపే ఎక్స్‌రే) అడ్డుపడి బొమ్మ పాడుచేస్తుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది. పనోరమిక్‌కి కాలర్ వద్దని పాత పుస్తకాలూ చెప్పాయి. మీ దగ్గర ఏప్రాన్ వాడాలనే నియమం ఉంటే మడతపెట్టకండి, కొక్కేనికి వేలాడదీయండి. మడత దగ్గర లోపలి పొర చిట్లుతుంది, పైకి కనబడదు.

ఇప్పుడు బైట్‌బ్లాక్ గారి చివరి వాక్యం. అక్కడ నా అభిప్రాయం పూర్తిగా వేరు. 7 సెం.మీ. గుండ్రటి కట్ట వైశాల్యం సుమారు 38 చదరపు సెం.మీ. రెక్టాంగులర్ కట్ట 3.5 × 4.5 సెం.మీ. ఉంటే దాదాపు 16. మిగిలిన 22 చదరపు సెంటీమీటర్లు సెన్సర్‌కి తగలకుండా పేషెంట్ ముఖానికి ఊరికే తగిలినవే. ఏప్రాన్ వేయాలా వద్దా అని గంటలు వాదించేవాళ్లు ఈ ఒక్క మార్పుని పట్టించుకోకపోవడం విడ్డూరం. 2008లో ప్రచురించిన కొలతల్లో ఫుల్ మౌత్ సిరీస్‌కి (నోరంతటికీ తీసే బొమ్మల వరుస), వేగవంతమైన ఎఫ్ స్పీడ్ ఫిల్మ్ లేదా ఫాస్ఫర్ ప్లేటుతో (తీశాక స్కానర్‌లో చదివేది) రెక్టాంగులర్ అయితే డోసు సుమారు 35 మైక్రోసీవర్టులు, అదే గుండ్రటి కోన్ అయితే 171, పాత డి స్పీడ్ ఫిల్మ్, గుండ్రటి కోన్ అయితే 388. అలవాటైన చేతిని మార్చడం కష్టం, మొదటి నుంచే నేర్చుకుంటే అదే మామూలైపోతుంది. మీ ల్యాబ్‌లో గుండ్రటి కోన్‌కి తగిలించే రెక్టాంగులర్ ముక్క ఉందేమో అడగండి. కోన్‌కట్ భయానికి విరుగుడు: కోన్ అంచు నాలుగు వైపులా రింగు గీతలతో కలిసిందా అని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడడం. ఒక్క వైపు నుంచే చూస్తే తప్పు దొరకదు.

పేషెంట్‌కి చెప్పడానికి: ప్రకృతి నుంచి ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి, అంటే రోజుకి దాదాపు 6.6 మైక్రోసీవర్టులు. ఆ లెక్కన రెక్టాంగులర్‌తో తీసిన మొత్తం సిరీస్ ఐదారు రోజుల సహజ రేడియేషన్‌కి సమానం, గుండ్రటి కోన్‌తో 26 రోజులకి. “ప్రమాదం సున్నా” అని మాత్రం చెప్పకండి, అది అబద్ధం. “చాలా తక్కువ, ఈ బొమ్మ ఫలానా కారణానికి అవసరం” అని చెప్పండి. ఆ ఫలానా కారణం మీకే తెలియకపోతే బటన్ దాకా వెళ్లకూడదు.

6 అడుగుల లెక్క: చెదిరిన కిరణాల తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అర మీటరు దూరంలో ఉన్నవాళ్లతో పోలిస్తే 2 మీటర్ల దూరంలో పదహారో వంతు. 6 అడుగులంటే 1.8 మీటర్లు. ఇక కోణం: ముందుకు పోయే కిరణాలు పేషెంట్‌ని దాటి అటు వెళ్తాయి, అక్కడ నిలబడకూడదు. ట్యూబు వెనక వైపుకీ కొంత వెనుదిరిగి వస్తుంది. ఈ రెంటికీ నడుమ, ప్రధాన కిరణాల దిశకి 90 నుంచి 135 డిగ్రీల మధ్య చెదిరింపు అన్నిటికంటే తక్కువ. ఇదంతా అడ్డుగోడ లేనప్పటి మాట. గోడ ఉంటే గోడ వెనకే, పేషెంట్ కనబడుతూ ఉండాలి.

సెన్సర్‌ని పేషెంట్ నోట్లో మీ వేలితో పట్టుకోవద్దు, జారుతున్న ట్యూబ్‌హెడ్‌ని చేత్తో ఆపవద్దు. ట్యూబ్‌హెడ్ జారుతుంటే మిషన్ బాగుచేయించాలి, అప్పటిదాకా ఆ మిషన్ వాడకూడదు. దంత రేడియోగ్రఫీ తొలినాళ్లలో ఎడ్మండ్ కెల్స్ అనే అమెరికన్ దంతవైద్యుడు రోజూ తన చేతిని కిరణాలకి అడ్డుపెట్టి పనిచేసి, వేళ్లు ఒక్కొక్కటిగా, చివరికి చేయి పోగొట్టుకున్నాడు.

డోసు పరిమితుల అంకెలు: ఐసీఆర్పీ (రేడియేషన్ రక్షణ మీద అంతర్జాతీయ సంస్థ) ప్రకారం వృత్తిలో ఉన్నవాళ్లకి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు, ప్రజలకి ఏడాదికి 1. చేతులకీ చర్మానికీ 500. అమెరికా నియమాల్లో వృత్తి పరిమితి ఏడాదికి 50. ప్రశ్న ఏ సంస్థ లెక్క అడిగిందో చూసి రాయండి. పేషెంట్‌కి వీటిలో ఏ పరిమితీ వర్తించదు, అక్కడ అవసరమే కొలమానం. డోసు కొలిచే బ్యాడ్జి ఇస్తే పనిలో ఉన్నప్పుడే పెట్టుకోండి. మీకు మీరు ఎక్స్‌రే తీయించుకునేటప్పుడు తీసేయండి, లేకపోతే ఆ డోసు కూడా మీ వృత్తి ఖాతాలో పడుతుంది.

ప్రశ్న కొనసాగింపు | ల్యాబ్‌కోటు

చాలా థాంక్స్ అండి. రింగు మాట నమ్మడమే తప్పని ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు చిన్నవి. మానికిన్‌కి వాంతి రాదు, మనిషికి వస్తుంది. మోలార్ల దగ్గర గ్యాగ్ వస్తే వరుసగా ఏం చేయాలి? విద్యార్థులు ఒకరి మీద ఒకరు ఒక్క బైట్‌వింగ్ తీసుకుని నేర్చుకోవచ్చా?

జవాబు 4 | నిలువుగీత

రెండోదానికి ముందు: వద్దు. నేర్చుకోవడం కోసమే మనిషి మీద ఎక్స్‌రే తీయకూడదు, ఒక్కటైనా. రోగనిర్ధారణ అవసరం ఉండి, డాక్టరు రాసి, ఆ బొమ్మని ఎవరో చదివి రికార్డులో పెట్టేదైతేనే. సెన్సర్ పెట్టడం, రింగు అమర్చడం మాత్రం ఒకరి నోట్లో ఒకరు ఎన్నిసార్లైనా సాధన చేయండి, బటన్ నొక్కకుండా. నిజానికి నేర్చుకోవాల్సిన కష్టమంతా అక్కడే ఉంది.

గ్యాగ్‌కి: సిరీస్‌ని ముందుపళ్లతో మొదలుపెట్టండి, పైదవడ మోలార్లు ఆఖర్న. వెనకపళ్లలో కూడా ప్రీమోలార్ ముందు, మోలార్ తరువాత. ఒకసారి గ్యాగ్ మొదలైతే ముందుపళ్లకి కూడా వస్తుంది, అందుకే ఈ వరుస. సెన్సర్ నోట్లో పెట్టకముందే కేవీపీ, టైమ్ సెట్ చేసి, కోన్‌ని ఆ పక్కకి దాదాపుగా తెచ్చి ఉంచండి. సెన్సర్ లోపల ఉండే సమయం తగ్గించడమే అసలు మందు. పెట్టేటప్పుడు అంగిలి మీద జరపకండి, రాపిడే గ్యాగ్ తెప్పిస్తుంది. గాల్లో తీసుకెళ్లి, సరైన చోట ఒక్కసారిగా గట్టిగా ఆనించండి. ముక్కుతో ఊపిరి తీసుకోమని, ఒక కాలు కాస్త పైకెత్తి పట్టుకోమని చెప్పండి, ధ్యాస మళ్లుతుంది. నాలుక మీద కాస్త ఉప్పు రాయడం కొందరికి పనిచేస్తుంది. తప్పనిసరైతే డాక్టరు అనుమతితో టాపికల్ అనస్థీషియా. “వాంతి వస్తుందా?” అని మాత్రం ముందుగా అడగకండి, అడిగితే వస్తుంది.

జవాబు 5 | బైట్‌బ్లాక్

మిల్లీసీవర్ట్ గారి లెక్క చూశాక రెక్టాంగులర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక షరతు: సెన్సర్ సరిగ్గా కూర్చోబెట్టడం రాకముందు రెక్టాంగులర్ ఇస్తే కోన్‌కట్‌లు ఎక్కువై, మళ్లీ తీసినవాటితో ఆదా అయిన డోసు కాస్తా పోతుంది. మానికిన్ మీద రెక్టాంగులరే వాడి ఆ దశ దాటేయడం మేలు.

మళ్లీ తీయడం గురించి ఇంకొంచెం. బొమ్మ అందంగా లేదని తీయకండి. ఈ బొమ్మ ఏ ప్రశ్నకి జవాబు చెప్పాలి, చెప్పిందా, చెప్పకపోతే ఆ జవాబు పక్క బొమ్మలో ఉందా? ఇంతే. 18 బొమ్మల సిరీస్‌లో ప్రీమోలార్ పెరియాపికల్‌కి మూలన చిన్న కోన్‌కట్ పడి, తెగిన భాగం కోరపన్ను బొమ్మలో స్పష్టంగా ఉంటే వదిలేయండి. తీయాలనుకుంటే ఏ తప్పు జరిగిందో, ఏది మారుస్తారో బయటికి చెప్పాక తీయండి.

జవాబు 6 | ప్లేటుస్కానర్

సెట్టింగ్స్ గురించి ఎవరూ రాయలేదు. ఇంట్రాఓరల్‌కి 60 నుంచి 70 కేవీపీ, 6 నుంచి 8 ఎంఏ (ట్యూబు కరెంటు) మామూలు. చాలా గోడ మిషన్లలో ఈ రెండూ స్థిరంగా ఉంటాయి, మీ చేతిలో ఉండేది టైమ్ ఒక్కటే. ముందుపళ్లకి తక్కువ, పైదవడ మోలార్లకి అన్నిటికంటే ఎక్కువ, పిల్లలకి తగ్గించాలి, పళ్లు లేని దవడకి దాదాపు నాలుగో వంతు తగ్గించాలి. టైమ్ ఇంపల్స్‌లలో ఉన్న పాత ఏసీ మిషన్లలో 60 హెర్ట్జ్ కరెంటుకి 60 ఇంపల్స్‌లు ఒక సెకను. కోన్ 20 సెం.మీ. నుంచి 40కి మారిస్తే టైమ్ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఇది పరీక్షలో పదేపదే వస్తుంది. 15 కేవీపీ పెంచితే టైమ్ సగం చేయాలి అన్నది కూడా.

డిజిటల్‌లో ఒక మాయ ఉంది. ఫిల్మ్ ఎక్కువ ఎక్స్‌పోజ్ అయితే నల్లబడి మొహం మీదే తప్పు చూపించేది. సాఫ్ట్‌వేర్ బ్రైట్‌నెస్ సరిదిద్ది బొమ్మ బాగానే చూపిస్తుంది, తక్కువైతే మాత్రం గరుకుగా ఇసక చల్లినట్టు కనబడుతుంది. దాంతో ఎవరూ టైమ్ తగ్గించరు, పెంచుతూ పోతారు. ఫాస్ఫర్ ప్లేట్లలో ఇది మరీ ఎక్కువ, వాటి పరిధి చాలా విశాలం. సీమాస్ సెన్సర్‌లో (వైర్డ్ సెన్సర్లలో ఒక రకం) ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఓ హద్దు దాటాక పళ్ల అంచులు, పలచటి ఎముక అంచు నల్లగా కాలిపోయినట్టు మాయమవుతాయి. క్రెస్ట్ కనబడకపోతే అది జబ్బా, ఎక్స్‌పోజర్ ఎక్కువా అని ముందు చూడండి. పంటి మెడ దగ్గర కనిపించే నల్లటి చీలిక కూడా చాలాసార్లు పిప్పి కాదు, సర్వైకల్ బర్నౌట్. ఎనామెల్ ఆగిపోయి ఎముక ఇంకా మొదలుకాని ఆ సందులో కిరణాలు తేలిగ్గా దాటిపోతాయి. కోణం మార్చి తీసిన పక్క బొమ్మలో అది మాయమైతే బర్నౌటే. ప్రోబ్‌తో కూడా చూడండి.

ప్లేట్లు వాడేవాళ్లకి: ఎక్స్‌పోజ్ అయిన ప్లేటుని వెలుతురులో ఉంచితే బొమ్మ చెరిగిపోతుంది, కవరు విప్పింది మొదలు స్కానర్‌లో పెట్టేదాకా గదిలో లైటు తగ్గించండి. గోరు గీత పడితే ప్రతి బొమ్మలోనూ అదే చోట తెల్లగీత వస్తుంది, ఆ ప్లేటు పక్కన పెట్టేయాలి. తిరగేసి పెట్టి ఎక్స్‌పోజ్ చేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. గమనించకపోతే తప్పు పక్క పన్నుకి చికిత్స జరిగే దాకా పోవచ్చు.

సెన్సర్‌ని ఆటోక్లేవ్ చేయకూడదు. ప్రతి పేషెంట్‌కీ కొత్త ప్లాస్టిక్ తొడుగు, కేబుల్ మీద కూడా కొంత దూరం దాకా. తొడుగు తీశాక, చిరగకపోయినా, తయారీదారు చెప్పిన డిసిన్ఫెక్టెంట్‌తో తుడవాలి. హోల్డర్లూ రింగులూ ఆటోక్లేవ్‌కి వెళ్తాయి. తొడుగు తీసేటప్పుడు కేబుల్ పట్టుకుని లాగకండి. సెన్సర్ చచ్చేది నోట్లో కాదు, కేబుల్ సెన్సర్‌ని కలిసే ఆ మూలలో.